లింక్ తెగి డ్రోన్ సరుగుడు తోటలో పడింది. ఎక్కువ పవర్ రేడియో కొంటే సరిపోతుందా?

గాజువాక గాలిపటం
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నిన్న జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి.

రేవుపోలవరం వైపు మా మేనమామకి రొయ్యల చెరువులున్నాయి. వానలకి గట్టు ఎక్కడెక్కడ కోసుకుపోయిందో పైనుంచి చూసి చెప్పమన్నాడు. నాది ఇంట్లో కట్టుకున్న క్వాడ్, అంటే నాలుగు మోటార్ల డ్రోన్. బ్యాటరీతో కలిపి 1.9 కిలోలు, లోపల దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఆర్డుపైలట్. గ్రౌండ్ స్టేషన్ అని గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. ఒక లాప్‌టాప్, అందులో దారి గీసి డ్రోన్‌ని గమనించే మిషన్ ప్లానర్, యూఎస్‌బీకి తగిలించిన 915 మెగాహెర్ట్జ్ టెలిమెట్రీ రేడియో (డ్రోన్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య కబుర్లు మోసేది). చేతిలో మామూలు 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్.

ఎండకి స్క్రీన్ కనపడడం లేదని లాప్‌టాప్‌ని కాపలావాళ్ల రేకుల షెడ్డులో బల్ల మీద పెట్టి, నేను గుమ్మంలో నిలబడ్డాను. ముందే గీసిపెట్టిన దారిలో ఆటో మోడ్‌లో పంపాను. గట్టు దగ్గరగా కనపడాలని ఎత్తు 12 మీటర్లే పెట్టాను. మధ్యలో కరెంటు పోయింది, ఏరేటర్లు ఆగిపోయాయి, మామయ్య జనరేటర్ వేయడానికి పరుగెత్తాడు. ఇంకాసేపటికి, డ్రోన్ 700 మీటర్ల దూరంలో సరుగుడు తోట అవతల ఉండగా, లాప్‌టాప్ చదివి వినిపించే ఎత్తు, వేగం లెక్కలు వినపడడం మానేశాయి. తలెత్తి చూస్తే డ్రోన్ దానంతటదే ఇంటిదారి పట్టింది. హమ్మయ్య అనుకున్నాను. అది నేరుగా వచ్చి సరుగుడు కొమ్మల్లో దూరింది.

డ్రోన్ చేతులు రెండు విరిగాయి, కెమెరా బతికింది. ఇప్పుడున్న రేడియో 100 మిల్లీవాట్లు. 1 వాట్‌ది ఆన్‌లైన్‌లో కనపడింది. అది కొంటే ఈ బాధ తీరుతుందా?

సిక్కోలు చిన్నోడు
ఆదివారం, రాత్రి 9:52

ఏటి గురూ, గట్టు చూడమంటే చెట్టెక్కించావా!

పెందుర్తి పైలట్
ఆదివారం, రాత్రి 10:15

తమ్ముడూ, రేడియో సంగతి తర్వాత. ముందు చెట్టు సంగతి చూద్దాం.

లింక్ పోతే ఇంటికి వచ్చేయమని ఆర్‌టీఎల్ (రిటర్న్ టు లాంచ్) పెట్టుకున్నావు, మంచిదే. కానీ ఎంత ఎత్తులో రావాలో చెప్పావా? ఆర్డుకాప్టర్‌లో, అంటే ఆర్డుపైలట్‌లో ఇలాంటి డ్రోన్లకి వాడే రకంలో, ఆ ఎత్తు మనం మార్చకపోతే 15 మీటర్లు. డ్రోన్ అప్పటికే అంతకన్నా పైన ఉంటే ఉన్న ఎత్తులోనే వస్తుంది, కింద ఉంటే 15 దాకా లేచి వస్తుంది. నువ్వు 12లో ఉన్నావు కాబట్టి బుద్ధిగా 15కి లేచి, గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. మన తీరంలో ఎదిగిన సరుగుడు చెట్టు 15 మీటర్ల దగ్గర ఆగుతుందా? డ్రోన్ తప్పేమీ చేయలేదు, నువ్వు చెప్పిందే చేసింది.

ఇంకో మాట. నీ రిమోట్ లింక్ బతికే ఉంది కదా? ఆర్‌టీఎల్‌లో ఉన్నప్పుడు థ్రాటిల్ కర్ర పైకి తోసినా ఎత్తు మారదు. మోడ్ స్విచ్ తిప్పి లాయిటర్‌లోకి (ఉన్నచోటే నిలబడి నీ కర్ర మాట వినే మోడ్) తెచ్చుకుని, అప్పుడు పైకి లేపాలి. ఆ టెన్షన్‌లో చేయి ఆడదని తెలుసు. నేను మందు కొట్టే డ్రోన్లు నడుపుతాను, కొత్తలో నాకూ ఆడలేదు. అందుకే ప్రతి సీజన్ మొదట్లో ఖాళీ మడిలో కావాలని లాప్‌టాప్ రేడియో పీకేసి, ఏం జరుగుతుందో చూసి, స్విచ్ తిప్పి డ్రోన్‌ని చేతిలోకి తెచ్చుకోవడం ప్రాక్టీస్ చేస్తాను.

వేదిక కాపరి
ఆదివారం, రాత్రి 10:31

నిర్వాహకుడిగా ఒక మాట చెప్పక తప్పదు. 12 మీటర్ల ఎత్తులో, 700 మీటర్ల దూరంలో, తోట అవతల ఉన్న డ్రోన్ కంటికి కనపడదు. మన దేశంలో మామూలుగా కంటిచూపులోనే ఎగరేయాలి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల నుంచి 2 కిలోల దాకా మైక్రో తరగతి. డబ్బు తీసుకోకుండా ఎగరేస్తే దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అలాగని రిజిస్ట్రేషన్, కంటిచూపు షరతు పోవు.

ఇది చదివి విశాఖలో మేడ ఎక్కి ఎగరేద్దామనుకునే కొత్తవాళ్లకి: నేవీ విమానాశ్రయం ఐఎన్‌ఎస్ డేగా మన ఊళ్లోనే ఉంది. విమానాశ్రయం సరిహద్దు నుంచి 5 నుంచి 8 కిలోమీటర్ల దాకా ఎల్లో జోన్, అనుమతి కావాలి. 8 నుంచి 12 మధ్య 200 అడుగుల వరకే గ్రీన్, అంటే అనుమతి అక్కర్లేనిది. 5 లోపల అసలు ఊహించకండి. పైగా నేవీ స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల నిషేధం. భీమిలి బీచ్ ఖాళీగా ఉంది కదా అంటారు, దారిలో ఐఎన్‌ఎస్ కళింగ ఉందని మర్చిపోతారు. డిజిటల్ స్కై మ్యాప్ (ఈ జోన్లు చూపే ప్రభుత్వ మ్యాప్) చూడకుండా బ్యాటరీ పెట్టకండి.

సిగ్నల్ మాస్టారు
సోమవారం, ఉదయం 6:05

రేడియో గురించి అడిగారు కాబట్టి నేను దిగక తప్పదు. ముప్పై ఏళ్లు యాంటెన్నాలు పాఠం చెప్పినవాణ్ణి, కాస్త సుదీర్ఘంగా ఉంటే భరించండి.

సిగ్నల్ బలాన్ని డీబీల్లో, అంటే డెసిబెల్స్‌లో, లెక్కిస్తాం. పవర్ రెట్టింపు చేస్తే 3 డీబీ వస్తుంది. బహిరంగంలో దూరం రెట్టింపు కావాలంటే 6 డీబీ కావాలి. అంటే పవర్ నాలుగు రెట్లు చేస్తే దూరం రెండు రెట్లు. 100 మిల్లీవాట్ల నుంచి 1 వాట్‌కి వెళ్తే 10 డీబీ, దూరం మూడు రెట్ల పైచిలుకు. వినడానికి బాగానే ఉంది. కానీ అది ఒక వైపే. నేల మీద రేడియో ఎంత గట్టిగా అరిచినా, పైన ఉన్న 100 మిల్లీవాట్ల రేడియో చెప్పేది మీకు ఎప్పటిలాగే సన్నగా వినపడుతుంది. అదే 10 డీబీ యాంటెన్నాలో సంపాదిస్తే రెండు వైపులా పనిచేస్తుంది, బ్యాటరీ తినదు.

ఇప్పుడు మీ షెడ్డు. రేకుల కప్పు కింద యాంటెన్నా పెట్టడమంటే గొంతుకి గుడ్డ కట్టి పిలవడమే. అది ఎటు తిరిగి ఉంది? కర్ర యాంటెన్నాకి చుట్టూ పక్కలకి బలం, కొసల వైపు దాదాపు సున్నా. డ్రోన్ వైపు వేలెత్తి చూపినట్టు యాంటెన్నా కొస పెడతారు చాలామంది, సరిగ్గా అదే వినపడని దిక్కు. పైన నిలువుగా ఉంటే కింద కూడా నిలువుగానే ఉండాలి. ఫోటో పెట్టండి.

మూడోది, దారి. రేడియో తరంగం దారంలా పోదు, మధ్యలో పొట్ట ఉబ్బిన కోలలా పోతుంది. 700 మీటర్ల దూరానికి 915లో ఆ పొట్ట వ్యాసార్థం నడిమధ్యలో సుమారు 7.6 మీటర్లు. మీ యాంటెన్నా 1 మీటర్ ఎత్తులో, డ్రోన్ 12లో. ఆ కోల అడుగు నేలకి తగిలింది, మిగతాది తోటలో కూరుకుపోయింది. వెదురు గెడ ఒకటి పాతి యాంటెన్నాని 5 మీటర్లకి ఎత్తండి, 1 వాట్ రేడియో డబ్బు మిగుల్తుంది. ఒక్క జాగ్రత్త: గెడ కట్టాం కదా అని కిందనుంచి 10 మీటర్ల సన్న ఆర్‌జీ-58 కేబుల్ లాగకండి. అది దారిలోనే పవర్‌లో సగానికి పైగా తినేస్తుంది, అదంతా కేబుల్ వేడికే పోతుంది. రేడియోనే పైన కట్టి యూఎస్‌బీ తీగ కిందికి దించండి.

నా తీర్పు: యాంటెన్నా. రాసి పెట్టుకోండి.

కోడ్ కామాక్షి
సోమవారం, ఉదయం 9:20

మాస్టారూ, తీర్పుకి ముందు లాగ్ చూద్దామండీ. గాలిపటం గారూ, డ్రోన్ కార్డులో ఉన్న లాగ్, అంటే ఎగిరినంతసేపూ అది రాసుకున్న రికార్డు, పెట్టండి. లాప్‌టాప్‌లోది కాదు, డ్రోన్‌లోది. మాటలు ఆగాక లాప్‌టాప్‌కి ఏమీ తెలియదు, డ్రోన్‌కే తెలుసు.

ఇంకోటి, 915 ఎందుకు వాడుతున్నారు? ఆ రేడియో 902 నుంచి 928 మధ్య గెంతుతూ ఉంటుంది. అమెరికాలో అది ఎవరైనా వాడుకునే బ్యాండ్. మన దగ్గర 890 నుంచి 915 దాకా మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే బ్యాండ్. అంటే టవర్ చెవి ఒగ్గి వినే చోట మీరు అరుస్తున్నారు. 935 నుంచి టవర్ అరుస్తుంటుంది, అది మీ రిసీవర్ చెవులు మూసేస్తుంది. ఇక్కడ లైసెన్స్ లేకుండా వాడుకునేవి 865–868, ఇంకా 2.4, 5.8 గిగాహెర్ట్జ్. రేడియో కొనేటప్పుడు ఈటీఏ (ఇక్కడ వాడుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) ఉందో లేదో చూసుకోండి. ఆ 1 వాట్‌ది కూడా 915దే అయ్యుంటుంది, కొనకండి.

గాజువాక గాలిపటం
సోమవారం, రాత్రి 8:48

లాగ్ పెట్టాను. ఫోటో కూడా. మాస్టారూ, యాంటెన్నా పడుకునే ఉంది, కొస తోట వైపే ఉంది. కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను.

915 విషయం నిజంగా తెలియదు. అమ్మినవాడు ఇండియాలో బాగా నడుస్తుంది అన్నాడు.

కోడ్ కామాక్షి
సోమవారం, రాత్రి 10:37

మీ లాగ్ మూడుసార్లు చూశాను. మాస్టారు కోప్పడకూడదు.

డ్రోన్ మీదున్న రేడియో ప్రతి కొద్ది క్షణాలకీ సిగ్నల్ ఎంత ఉంది, రొద ఎంత ఉంది అని ఆటోపైలట్‌కి చెబుతూ ఉంటుంది. ఫెయిల్‌సేఫ్ (లింక్ పోయిందనుకుని డ్రోన్ తనంతట తానే కాచుకునే ఏర్పాటు) పడిన క్షణానికి సిగ్నల్ 95, రొద 55. ఈ రేడియోల్లో ఆ తేడాని 1.9తో భాగిస్తే డీబీ వస్తుంది. అంటే దాదాపు 21 డీబీ చేతిలో ఉంది. తోట గుండా వెళ్తూ, యాంటెన్నా పడుకుని ఉండి కూడా! రొద 55 అంటే ఎక్కువే, టవర్ పుణ్యం కావచ్చు. అయినా లింక్ తెగే స్థితి కాదు.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఫెయిల్‌సేఫ్ పడ్డాక కూడా ఆ అంకెలు వస్తూనే ఉన్నాయి. అంటే రెండు రేడియోలూ ఒకదాన్నొకటి వింటూనే ఉన్నాయి. ఆగిపోయింది గ్రౌండ్ స్టేషన్ హార్ట్‌బీట్. డ్రోన్, లాప్‌టాప్ మాట్లాడుకునే భాష మావ్‌లింక్. అందులో లాప్‌టాప్ సెకనుకోసారి "నేనున్నాను" అని పంపుతుంది. 5 సెకన్లు అది రాకపోతే జీసీఎస్ (గ్రౌండ్ స్టేషన్) ఫెయిల్‌సేఫ్. మీరు ఆ ఫెయిల్‌సేఫ్ ఆన్ చేసి పెట్టుకున్నారు. ఫోన్ లైన్ బాగానే ఉంది, అవతల మనిషి నిద్రపోయాడు.

కరెంటు ఎన్నింటికి పోయింది? లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఎన్ని నిమిషాలకి స్లీప్‌లోకి వెళ్తుంది?

గాజువాక గాలిపటం
సోమవారం, రాత్రి 10:59

ఇప్పుడే సెట్టింగ్ చూశాను.

5 నిమిషాలు.

నేను గుమ్మంలో రిమోట్ పట్టుకుని నిలబడ్డాను, మౌస్ ముట్టుకోలేదు. కరెంటు పోయాక అయిదారు నిమిషాలకే ఇదంతా. మాటలు ఆగిపోయాయని రాశాను కదా, లింక్ తెగడం వల్ల ఆగలేదు. లాప్‌టాప్ నిద్రపోయింది. నేను లోపలికి పరుగెత్తి మీట నొక్కేసరికి స్క్రీన్ నల్లగా ఉంది. ఎండకళ్లతో లోపలికి వచ్చాను కదా, కనపడడం లేదనుకున్నాను.

సిక్కోలు చిన్నోడు
సోమవారం, రాత్రి 11:04

డ్రోన్ మెలకువగానే ఉంది, స్టేషన్ మాస్టారే కునుకు తీశారు!

సిగ్నల్ మాస్టారు
మంగళవారం, ఉదయం 5:50

కామాక్షి గారూ, కోపమేమీ లేదు. బల్లగుద్ది చెప్పి తప్పాను. యాంటెన్నా పడుకుని ఉండడం తప్పే, కానీ ఈ నేరం దానిది కాదు. నా క్లాసులో పిల్లలు ఇలా రుజువు లేకుండా తీర్పు చెబితే నిలబెట్టేవాణ్ణి.

అయినా గెడ కట్టండి.

పెందుర్తి పైలట్
మంగళవారం, ఉదయం 7:30

దీని మీద కాస్త ఆగుదాం, ఎందుకంటే అందరూ ఆకాశం వైపే చూస్తారు, బల్ల మీద ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను చూసిన గ్రౌండ్ స్టేషన్ చావులు: విండోస్ అప్‌డేట్ మొదలై తిరిగి స్టార్ట్ కావడం, యూఎస్‌బీ పోర్ట్ వదులై రేడియో ఊడిపోవడం, ఎండకి ట్యాబ్ వేడెక్కి ఆరిపోవడం, ఫోన్‌నే గ్రౌండ్ స్టేషన్‌గా పెట్టుకుంటే సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి కాల్ రావడం. చివరిది నాదే.

సముద్రపు గాలిలో పనిచేసేవాళ్లకి ఇంకోటి. యాంటెన్నా తిప్పి బిగించే ఆ ఇత్తడి మూతుల్లో ఉప్పు పట్టి ఆకుపచ్చగా చిలుము వస్తుంది. చూడ్డానికి బిగువుగానే ఉంటుంది, సిగ్నల్ సగమవుతుంది. నెలకోసారి విప్పి తుడవాలి.

తమ్ముడూ, స్లీప్ ఆపు, అప్‌డేట్ ఆపు, వైఫై ఆపు. ఒక చిన్న పవర్ బ్యాంక్ వెంట పెట్టుకో. అన్నిటికన్నా ముందు ఒకటి తేల్చుకో: రిమోట్ చేతిలో బతికే ఉండగా, ఒట్టి లాప్‌టాప్ హార్ట్‌బీట్ పోయినందుకు డ్రోన్ వెనక్కి రావాలా? ఆటోలో గీత మీద వెళ్తుంటే, పని పూర్తిచేసి రమ్మనే ఆప్షన్ కూడా ఉంది. దూరంగా ఎగరేసేవాడికి ఆర్‌టీఎల్ మంచిది, నీలా కంటి ముందు ఎగరేయాల్సినవాడికి అక్కర్లేకపోవచ్చు. రిమోట్ సిగ్నల్ పోతే మాత్రం ఆర్‌టీఎల్ ఉండి తీరాలి.

మధురవాడ మేఘం
మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఈ రేడియోల గొడవంతా ఎందుకండీ? డ్రోన్‌లో 4జీ సిమ్ వేసేస్తే ఇంట్లో కూర్చుని నడపొచ్చు కదా. తోట అడ్డొచ్చినా బాధ లేదు. నేను ఆఫీసులో సర్వర్లు అలాగే చూసుకుంటాను.

కోడ్ కామాక్షి
మంగళవారం, మధ్యాహ్నం 2:02

సర్వర్ చెట్టెక్కదు కాబట్టి.

సరదాకి అన్నాను. పని చేస్తుంది, చాలామంది చేస్తున్నారు. కానీ టవర్ యాంటెన్నాలు కాస్త కిందికి వంచి ఉంటాయి, కింద నడిచే మనుషుల కోసం. 100 మీటర్ల ఎత్తున ఉన్న సిమ్‌కి ఒకేసారి పది టవర్లు కనపడతాయి, ఏదీ దానికోసం కాదు. క్షణానికో టవర్ మారుతూ ఉంటుంది, ఆలస్యం ఒకసారి 60 మిల్లీసెకన్లు, ఇంకోసారి 2 సెకన్లు. పైగా సిమ్‌కి మామూలుగా బయటి నుంచి చేరుకునే సొంత ఐపీ అడ్రస్ ఉండదు, మధ్యలో వీపీఎన్ పెట్టాలి. అది పెట్టకుండా మావ్‌లింక్‌ని నెట్‌లోకి వదిలితే చాలా ప్రమాదం. మావ్‌లింక్‌లో రహస్య సంకేతం ఉండదు. రెండో వెర్షన్‌లో సంతకం పెట్టే సౌకర్యం ఉంది, దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. లేకపోతే ఎవరు కమాండ్ పంపినా డ్రోన్ చిత్తం అంటుంది.

ఇంట్లో కూర్చుని నడపడం గురించి కాపరి గారు చెబుతారు.

వేదిక కాపరి
మంగళవారం, మధ్యాహ్నం 2:20

చెప్పాను. కంటిచూపు. ఇంట్లోంచి రేవుపోలవరం కనపడితే అలాగే కానివ్వండి.

పాత నావికుడు
మంగళవారం, సాయంత్రం 5:45

సంకేతం లేకపోతే ఏమవుతుందో పెద్దవాళ్లకే అనుభవం. 2009లో అమెరికా ప్రిడేటర్ డ్రోన్లు పంపే వీడియోని ఇరాక్‌లో తిరుగుబాటుదార్లు 26 డాలర్ల సాఫ్ట్‌వేర్‌తో చూసేస్తున్నారని బయటపడింది. కంట్రోల్ లింక్ జోలికి వాళ్లు వెళ్లలేదు, వీడియో మాత్రం తెరిచిన కిటికీలా ఉంది. పేపర్లలో వచ్చినదే చెబుతున్నాను, నేవీలో నేను చూసినవేవీ ఇక్కడ రాయను, అడగొద్దు.

మరో సంగతి. అందరూ లింక్ అంటే ఒకటే అనుకుంటారు. కంట్రోల్ లింక్ సన్నటిది, సెకనుకి కొన్ని వేల బిట్లతో బతుకుతుంది. వీడియో లింక్‌కి మెగాబిట్లు కావాలి. రెండూ వేరుగా ఉంటే వీడియో ముందు చస్తుంది, కంట్రోల్ ఇంకా చాలా దూరం బతుకుతుంది. తెర నల్లబడగానే విమానం పోయిందని కంగారుపడేది కొత్తవాడే.

నేల మీంచి నేరుగా కనపడే దూరానికి లెక్క ఉంది. రెండు యాంటెన్నాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలు కూడి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 2023 జూన్ 16న చిత్రదుర్గ పరీక్షా క్షేత్రం నుంచి తపస్ డ్రోన్‌ని లేపి, కార్వార్‌కి 148 కిలోమీటర్ల దూరంలో సముద్రం మీదున్న ఐఎన్‌ఎస్ సుభద్ర నుంచి 40 నిమిషాలు నడిపారు. ఓడ మీద ఒక గ్రౌండ్ కంట్రోల్ స్టేషన్, రెండు షిప్ డేటా టెర్మినళ్లు పెట్టారు. కార్వార్ నుంచి చిత్రదుర్గ 285 కిలోమీటర్లు. డ్రోన్ ఎత్తు 20,000 అడుగులు. లెక్క వేసి చూడండి: 6,096 మీటర్ల వర్గమూలం 78, 4.12తో గుణిస్తే 320 దాటుతుంది. ఓడ యాంటెన్నా 20 మీటర్లు అనుకుంటే ఇంకో 18. మొత్తం 340. అంత ఎత్తు ఎందుకో అర్థమైందా? మూడున్నర గంటలు ఎగిరి తిరిగి చిత్రదుర్గలోనే దిగింది. నాకు అందులో నచ్చింది ఎగరడం కాదు, పగ్గాలు ఒక చేతి నుంచి మరో చేతికి మార్చడం. లింక్ తెగకుండా రెండు స్టేషన్లు ఒకే విమానాన్ని ఇచ్చిపుచ్చుకోవడం కన్నా కష్టమైన పని లేదు.

అంతకు మించి వెళ్లాలంటే ఉపగ్రహం. అది 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మీరు కర్ర కదిపితే ఆ మాట పైకెక్కి కిందికి దిగి విమానం చేరడానికి పావు సెకను, దాని జవాబు రావడానికి మరో పావు. వెలుతురు వేగానికే అంత పడుతుంది, వీడియోని కుదించి విప్పే ఆలస్యం దీనికి అదనం. అందుకే అమెరికా ప్రిడేటర్, రీపర్ డ్రోన్లకి రన్‌వే పక్కన ఒక బృందం ఉండి నేరు లింక్‌తో లేపేది, దింపేది. మధ్యలో నడిపేది వేల మైళ్ల దూరంలో నెవాడాలో కూర్చున్నవాళ్లు. మన నేవీ 2020లో అద్దెకి తెచ్చి అరక్కోణం నుంచి నడిపిన ఎంక్యూ-9బీ రకంలో దిగడం, లేవడం కూడా ఉపగ్రహం మీదే అవుతుంది, ఎందుకంటే అక్కడ కర్ర కదిపేది మనిషి కాదు, విమానమే. 2024 అక్టోబర్‌లో మొత్తం 31కి ఒప్పందం కుదిరింది, అందులో 15 నేవీకి.

సిక్కోలు చిన్నోడు
మంగళవారం, సాయంత్రం 6:10

ఉక్రెయిన్‌లో డ్రోన్‌కి సన్న ఫైబర్ తీగ కట్టి పది, ఇరవై కిలోమీటర్లు వదులుతున్నారట కదా. జామింగ్ లేదు, రేడియో లేదు. నిజంగానే గాలిపటం. మన గాలిపటం గారికి అదే కొనిపెడదాం.

రేవుగాలి
మంగళవారం, రాత్రి 9:25

ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయలేదు. మాది ఫిషింగ్ హార్బర్. నాన్నకి బోటు ఉంది. దూరం వెళ్లాక బోటు మీంచి డ్రోన్ లేపి చుట్టూ పక్షులు ఎక్కడ ముసురుతున్నాయో చూస్తే చేపల గుంపు తెలుస్తుందని నా ఆలోచన. నాన్న నవ్వుతున్నాడు. సముద్రం మీద చెట్లు లేవు కదా, లింక్ బాగా వస్తుందా?

పాత నావికుడు
మంగళవారం, రాత్రి 10:12

బాబూ, ముందు హార్బర్ సంగతి. నేవీ, పోర్టు, షిప్‌యార్డు అన్నీ నీ పక్కనే. అక్కడ బ్యాగులోంచి కూడా తీయకు. దూరం వెళ్లాక సంగతి వేరే, దానికీ అనుమతులు కనుక్కుని చెయ్యి.

ఇక అసలు ప్రమాదం. డ్రోన్‌కి ఇల్లంటే బోటు కాదు, బయల్దేరేటప్పుడు మోటార్లు ఆన్ చేసిన చోటు. అరగంటలో బోటు కదిలిపోతుంది. లింక్ తెగిందంటే డ్రోన్ చక్కగా ఇంటికి వచ్చి, చక్కగా దిగుతుంది. నీళ్లలో.

పెందుర్తి పైలట్
మంగళవారం, రాత్రి 10:30

దానికి దారి ఉంది. గ్రౌండ్ స్టేషన్‌కి జీపీఎస్ తగిలించి, ఇంటి చిరునామాని ఎప్పటికప్పుడు మార్చుతూ పంపొచ్చు. కానీ చూడండి మెలిక: ఇల్లు మార్చమని చెప్పేది కూడా ఆ లింకే. లింక్ పోయాక ఇల్లు ఆఖరుసారి చెప్పిన చోటే ఉంటుంది. బోటు ఆగి ఉన్నప్పుడే, అయిదు నిమిషాల పని మాత్రమే పెట్టుకోండి. మోటార్లు ఆన్ చేసేముందు ఇంకో చిక్కు. బ్యాటరీ పెట్టగానే గైరోలు తమను తాము సరిచూసుకుంటాయి, కదలకుండా ఉండాలి. ఊగే బోటు మీద ఎలా? అదీ కాక ఇంజిన్ ఇనుము పక్కన దిక్సూచి పిచ్చెక్కిపోతుంది.

సిగ్నల్ మాస్టారు
బుధవారం, ఉదయం 6:00

చెట్లు లేకపోవడం మంచిదే, కానీ సముద్రం అద్దం లాంటిది. డ్రోన్ నుంచి మీకు సిగ్నల్ రెండు దారుల్లో వస్తుంది, నేరుగా ఒకటి, నీటి మీద పడి లేచి ఒకటి. రెండూ కలిసినప్పుడు కొన్ని చోట్ల బలపడతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ నెమ్మదిగా తగ్గుతుందని ఎదురుచూస్తుంటే, ఉన్నట్టుండి గోతిలో పడి, ఇంకో వంద మీటర్లు వెళ్లాక మళ్లీ లేస్తుంది. అలల వల్ల ఆ గోతులు కదులుతూ ఉంటాయి. రెండు యాంటెన్నాలు వేరు వేరు ఎత్తుల్లో పెట్టి, ఏది బాగా వింటే దాన్ని తీసుకునే రిసీవర్ వాడితే ఒకటి గోతిలో ఉన్నప్పుడు రెండోది బయట ఉంటుంది. బోటు కొయ్య మీద ఒకటి, కేబిన్ మీద ఒకటి.

ఈసారి బల్ల గుద్దలేదు, గమనించగలరు.

రేవుగాలి
బుధవారం, రాత్రి 8:10

నాన్నకి చదివి వినిపించాను. "ఇల్లు నీళ్లలో ఉంటుందన్నమాట, మరి మనదీ అంతేగా" అన్నాడు. ముందు ఒడ్డు మీద నేర్చుకుంటాను.

మధురవాడ మేఘం
బుధవారం, రాత్రి 9:00

సరే, కాపరి గారి కంటిచూపు షరతుకి ఒప్పుకున్నాను. కానీ తుఫాను తర్వాత సహాయానికి డ్రోన్లు వాడాలంటే 4జీనే కదా దిక్కు?

పెందుర్తి పైలట్
బుధవారం, రాత్రి 9:22

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీరు ఊళ్లో ఉన్నారా? టవర్లు పడిపోయాయి, ఉన్నవాటికి కరెంటు లేదు. పక్క వీధిలో ఉన్న చెల్లెలికి నేను బాగానే ఉన్నానని చెప్పడానికి నడిచి వెళ్లాను. డ్రోన్ ఎక్కువగా అవసరమయ్యే రోజునే 4జీ ఉండదు. మన సొంత రెండు రేడియోలు, ఒక బ్యాటరీ ఉంటే లింక్ ఉన్నట్టే.

గాజువాక గాలిపటం
ఆదివారం, సాయంత్రం 7:35

వారం తర్వాత మళ్లీ వచ్చాను. చేతులు మార్చాను, ఈ ఉదయం మళ్లీ చెరువుల దగ్గరికి వెళ్లాను.

ఆర్‌టీఎల్ ఎత్తు 35 మీటర్లు పెట్టాను. మామయ్యని సరుగుడు చెట్టు ఎత్తు అడిగితే, నీ డ్రోన్ ఇరుక్కున్న చోటు కన్నా ఇంకో అయిదారు మీటర్లు ఉంటుందన్నాడు. లాప్‌టాప్ స్లీప్ ఆపాను. 866లో నడిచే రేడియో జత తెచ్చి గెడకి కట్టాను, 5 మీటర్లు. గట్టు వెంట నేనూ నడుస్తూ 200 మీటర్ల లోపే ఎగరేశాను, కాపరి గారూ. రొద 55 నుంచి 38కి దిగింది. కామాక్షి గారూ, టవర్ పుణ్యమే.

తర్వాత పైలట్ అన్న చెప్పినట్టు కావాలని లాప్‌టాప్ మూత మూశాను. 5 సెకన్లు లెక్కపెట్టాను. డ్రోన్ ఆగింది, 35కి లేచింది, తోట మీదుగా ఇటు తిరిగింది. సగం దారిలో స్విచ్ తిప్పి లాయిటర్‌కి తెచ్చుకున్నాను. రెండుసార్లు చేశాను. రెండోసారి చేయి వణకలేదు.

గట్టు మూడు చోట్ల కోసుకుపోయింది. అందులో ఒకటి షెడ్డు వెనకే, నడిచి వెళ్లినా కనపడేది.

సిక్కోలు చిన్నోడు
ఆదివారం, రాత్రి 8:02

ఆ పాత 915 జత ఏం చేశావు గురూ? అమ్ముతావా?

గాజువాక గాలిపటం
ఆదివారం, రాత్రి 8:09

అమ్మను. ఒకదాని యాంటెన్నా విప్పి పక్కన పడేశాను, రెండోదానితో మా మేనల్లుడు ఆడుకుంటున్నాడు. బ్యాటరీ లేకుండా.